అన్నీ ఉన్నా "ఇదంతా ఎందుకు" అనిపిస్తోంది అన్నవారికి నా సమాధానం

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో ఒకసారి చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. మీకు 38 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఫ్లాట్ ఈఎంఐ దాదాపు అయిపోవచ్చింది, ఇద్దరు పిల్లలు, ఇంట్లో గొడవల్లేవు, అయినా ఏడాదిగా పొద్దున లేవగానే "ఇదంతా ఎందుకు" అనిపిస్తోంది, ప్రవచనాలు విన్నారు, పుస్తకాలు చదివారు, ట్రిప్‌లు వేశారు, ఏదీ రెండు వారాలు మించి పనిచెయ్యలేదు. చివర్లో ఇంకో మాట కూడా రాశారు, కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన మీ నాన్నగారు కూడా ఈమధ్య బాల్కనీలో కూర్చుని ఎవరితోనూ మాట్లాడట్లేదు, ఇది వంశంలోనే ఉందా అని. నేను విజయవాడలో చాలా ఏళ్లుగా సైకాలజిస్ట్‌గా పనిచేస్తున్నా, మీరు చివర్లో తోకలా రాసిన ఆ నాన్నగారి సంగతే నాకు అసలు విషయంలా కనిపించింది, దాని దగ్గరికి వస్తాను.

దానికన్నా ముందు ఒకటి తేల్చుకోవాలి. మీది జీవితం గురించిన ప్రశ్నా, లేక డిప్రెషనా? రెండూ బయటికి ఒకేలా ఉంటాయి కానీ చెయ్యాల్సింది వేరు. నిద్ర ఎలా ఉంది, తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ పట్టట్లేదా, ఆకలి తగ్గిందా, ఇంతకుముందు ఇష్టమైనవి, క్రికెట్ కావచ్చు పిల్లలతో ఆట కావచ్చు పాటలు కావచ్చు, అవి కూడా చప్పగా అయిపోయాయా, ఒంట్లో ఎప్పుడూ నీరసమేనా, ఇవన్నీ రోజూ, రెండు వారాలకి మించి ఉంటే ముందు సైకియాట్రిస్ట్‌ని కలవండి, దాంతోపాటు థైరాయిడ్, బి12 టెస్టులు కూడా చేయించుకోండి, ఆ రెండూ తేడాగా ఉన్నా మనసు ఇలాగే అవ్వొచ్చు. డిప్రెషన్‌లో "దేనికీ అర్థం లేదు" అనిపించడం జబ్బు లక్షణం, జ్వరంలో నోరు చేదైనట్టు, అప్పుడు వేదాంతం ఎంత చదివినా లోపలికి దిగదు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే ఆగకండి, 14416 టెలీ మానస్ నంబర్, ప్రభుత్వానిది, ఫ్రీ, ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, ఇవాళే చెయ్యండి. మీరు రాసినదాన్ని బట్టి అంత దూరం వెళ్లలేదనిపిస్తోంది, కానీ నేను మిమ్మల్ని ఎదురుగా చూడలేదు కాబట్టి ఇది దాటేసి ముందుకెళ్లలేను.

సరే, అది కాదనుకుందాం. మీరు "జీవితానికి అర్థం ఏంటి" అని అడిగారు. నేను గమనించింది ఏంటంటే ఈ ప్రశ్నకి జవాబు దొరికాక జీవితం బాగుపడినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు, జీవితంలో ఏదో ఒకటి కదిలాక ఈ ప్రశ్నే వెనక్కి వెళ్లిపోయినవాళ్లు మాత్రం చాలామంది. అందుకే నేను ప్రశ్నని చిన్న ముక్కలు చేస్తాను. ఈ విషయం మీద పనిచేసే సైకాలజిస్టులు కూడా దీన్ని మూడుగా చూస్తారు. నా జీవితంలో జరిగినవన్నీ ఒకదానికొకటి పొంతన కుదురుతున్నాయా అనేది ఒకటి, నేను ఎటు వెళ్తున్నానో నాకు తెలుసా అనేది రెండు, నేను ఉన్నా లేకపోయినా ఎవరికైనా తేడా పడుతుందా అనేది మూడు. ఈ మూడిట్లో మీకు ఏది తెగిందో చూసుకోవాలి, మొత్తం జీవితాన్ని ఒకేసారి పరీక్షకి పెట్టక్కర్లేదు.

మీ విషయంలో రెండోది అయిపోయింది, మూడోది పలచబడింది, నాకు అలా కనిపిస్తోంది. మన తెలుగు మధ్యతరగతి ఇళ్లలో పిల్లాడికి ఒక లిస్టు చేతికిస్తాం, టెన్త్ మార్కులు, ఇంటర్, ఎంసెట్ ర్యాంకు, క్యాంపస్ ప్లేస్‌మెంట్, వీలైతే అమెరికా, పెళ్లి, ఫ్లాట్, పిల్లలు, పిల్లలకి మంచి స్కూల్. ఆ లిస్టు ఉన్నన్నాళ్లూ ఎందుకు అనే ప్రశ్న రాదు, వచ్చే టైమే ఉండదు, తర్వాతది ఏంటో ఎప్పుడూ తెలుసు. ముప్పై ఎనిమిదో నలభయ్యో వచ్చేసరికి లిస్టు అయిపోతుంది. ఎవరూ ఇంకో లిస్టు ఇవ్వరు. అప్పుడు మనిషికి ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది, నిజానికి ఏదీ పోలేదు, ఇన్నాళ్లూ నడిపించిన వేరేవాళ్ల లిస్టు ఖాళీ అయ్యింది అంతే. ఇది మీ లోపం కాదు, కృతజ్ఞత లేకపోవడం అంతకన్నా కాదు ("అన్నీ ఉండి ఏడుస్తున్నావ్" అని మీ అక్క అన్నారని రాశారుగా, ఆవిడ కోపంతో అని ఉండరు, భయపడి ఉంటారు).

ఇప్పుడు మీకు ఒక ఊరి గురించి చెప్తాను, నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది అదే.

ఆస్ట్రియాలో వియన్నా దగ్గర మారియెంటాల్ అని ఒక చిన్న ఊరు, పదిహేను వందల మంది ఉండేవాళ్లు, ఊరంతా ఒక బట్టల మిల్లు మీదే ఆధారం. 1929-30లో ఆ మిల్లు మూతపడింది, చాలా ఇళ్లలో ఉద్యోగం ఉన్నవాళ్లే లేకుండా పోయారు. వియన్నా నుంచి మరీ యాహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే కుర్ర పరిశోధకులు వాళ్ల టీమ్‌తో వెళ్లి ఆ ఊరిని స్టడీ చేశారు, యాహోడాకి అప్పుడు దాదాపు పాతికేళ్లు. వాళ్లు ఊరికే నోట్‌బుక్ పట్టుకుని వెళ్లలేదు, బట్టలు సేకరించి పంచారు, డాక్టర్‌ని తీసుకొచ్చారు, ఆడవాళ్లకి కుట్టుపని క్లాసులు పెట్టారు, ఊరికి పనికొస్తూ ఊరిని చూశారు. 1933లో రాశారు దాన్ని.

వాళ్లకి కనిపించింది వినండి. ఊళ్లో కార్మికుల లైబ్రరీ ఉంది. పని లేదు కాబట్టి రోజంతా ఖాళీ, పైగా పుస్తకాలకి తీసుకునే ఫీజు కూడా తీసేశారు, అంటే ఎక్కువ చదవాలి కదా. రెండేళ్లలో పుస్తకాలు తీసుకోవడం సగానికి పడిపోయింది. టైమ్ దొరికితే చదువుతాం, టైమ్ దొరికితే అది చేస్తాం ఇది చేస్తాం అని మనం అనుకుంటాం చూడండి, టైమ్ మొత్తం చేతికొచ్చాక వాళ్లకి ఏదీ చెయ్యబుద్ధి కాలేదు. క్లబ్బులకి వెళ్లడం తగ్గింది. మగవాళ్లు వీధిలో నడిచే వేగం తగ్గిపోయింది, పరిశోధకులు కిటికీలోంచి వాచీ పట్టుకుని మరీ కొలిచారు, కొంచెం దూరానికే రెండు మూడుసార్లు ఆగిపోయేవాళ్లు, తొందర అనేదే లేదు. చాలామంది వాచీ పెట్టుకోవడం మానేశారు. రోజంతా ఏం చేశారో గంట గంటకీ రాయమని కాగితం ఇస్తే రాయడానికి ఏమీ లేదు, ఒకాయన రాసిన మాట ఆ స్టడీలో చాలా పేరుపడింది, "ఈలోగా మధ్యాహ్నం అవుతుంది" అని. అంతే రాశాడు.

మీ నాన్నగారు బాల్కనీలో కూర్చోవడం గురించి చదివినప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చింది.

ఒక సంగతి ఒప్పుకోవాలి, ఆ ఊళ్లో ఆకలి కూడా ఉంది, ప్రభుత్వం ఇచ్చే భృతి చాలా తక్కువ, అదీ కొన్నాళ్లకి ఆగిపోయేది, కాబట్టి అంతా అర్థం లేకపోవడం వల్లే అనడం తప్పు. కానీ లైబ్రరీకి డబ్బు అక్కర్లేదు కదా, వాచీకి అక్కర్లేదు కదా. అదే ఊళ్లో ఆడవాళ్లు మగవాళ్లకన్నా బాగా వేగంగా నడిచేవాళ్లు, ఎందుకంటే వాళ్లకి వంట ఆగలేదు, పిల్లల చిరుగులు కుట్టడం ఆగలేదు, ఉన్న కాస్త డబ్బుతో ఇల్లు నెట్టుకురావడం అంటే ఇంకా పని పెరిగింది. వాళ్లకీ కష్టమే, మగవాళ్లకన్నా ఎక్కువ కష్టం, కానీ మధ్యాహ్నం ఊరికే అయిపోయేది కాదు.

యాహోడా తర్వాత చాలా ఏళ్లకి దీన్ని తేటగా చెప్పారు. ఉద్యోగం జీతం ఇస్తుందని మనకి తెలుసు, జీతంతోపాటు మనకి తెలియకుండా ఇంకో ఐదు ఇస్తుంది. రోజుకి ఒక చట్రం, ఇంటివాళ్లు కాని మనుషులతో కలయిక, మన ఒక్కళ్లకన్నా పెద్దదైన పనిలో వాటా, నలుగురిలో ఒక గుర్తింపు, ఇంకా తప్పనిసరిగా కదలాల్సి రావడం. నాన్నగారికి పెన్షన్ వస్తోంది కాబట్టి బాగానే ఉన్నారు అని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు, జీతం బదులు పెన్షన్ వచ్చింది నిజమే, ఆ ఐదింటికి బదులు ఏమొచ్చింది? గాలివాన వస్తే అర్ధరాత్రి ఫోన్ మోగే ఇల్లు అది, ఏ ఫీడర్ ట్రిప్ అయ్యింది, ఏ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చెట్టు పడింది అని ఊరంతా ఆయన కోసం చూసేది, ఆయన స్తంభం దగ్గర నిలబడితే వీధిలో లైట్లు వచ్చేవి. ఇప్పుడు గాలివాన వస్తే ఆయనకి ఎవరూ ఫోన్ చెయ్యరు. కాబట్టి వంశంలో ఉందా అంటే, డిప్రెషన్‌కి కొంత వంశం నుంచి వచ్చే వాటా ఉంటుంది, డిప్రెషన్ ఉందేమో ఆయన్నీ డాక్టర్‌కి చూపించండి, కానీ మీ ఇద్దరికీ కామన్‌గా నాకు కనిపిస్తోంది రక్తం కాదు, ఇద్దరి కోసమూ ఎదురుచూసేవాళ్లు తగ్గిపోవడం.

మీరు అడగొచ్చు, నాకు ఉద్యోగం ఉందిగా, రోజుకి పది గంటలు పనిచేస్తున్నాగా, మరి నాకెందుకు అని. చట్రం ఉంది, కలయిక ఉంది (సగం స్క్రీన్ మీద), గుర్తింపు ఉంది. లేనిది ఆ పెద్ద పనిలో వాటా. మీరు రాసే కోడ్ ఎవరో ఎక్కడో బ్యాంకు వాళ్లు వాడతారు, వాడినవాడి మొహం మీరు ఎప్పుడూ చూడరు, మీరు మానేస్తే పదిహేను రోజుల్లో ఇంకొకరు వస్తారని మీకు తెలుసు. నాన్నగారికి తన పని ఫలితం సాయంత్రానికల్లా వీధిలో కనిపించేది. ఇంట్లో కూడా చూడండి, మీరు లేకపోతే ఆగే పని ఏది, స్కూల్ ఫీజు ఆటో డెబిట్, సరుకులు యాప్, హోమ్‌వర్క్ ట్యూషన్. మీరు సంపాదించి అన్నిటినీ మీ అవసరం లేకుండా నడిచేట్టు చేసుకున్నారు, మనందరం చేసుకుంటున్నది అదే, తప్పు అనట్లేదు, కానీ దాని ధర ఇది.

సుఖం వేరు, అర్థం వేరు అనేది కూడా ఇక్కడ తెలుసుకోవాలి, లేకపోతే తప్పు మందు వేసుకుంటూ ఉంటాం. రాయ్ బామైస్టర్ అనే సైకాలజిస్ట్ 2013లో నాలుగొందల మంది దాకా అమెరికన్లతో చేసిన స్టడీలో ఆరోగ్యం, కావల్సినవి కొనుక్కోగలగడం, హాయిగా ఉండటం, ఇవి సంతోషంతో బాగా ముడిపడి ఉన్నాయి, అర్థంతో పెద్దగా లేవు. ఇతరుల కోసం ఏదైనా చెయ్యడం మాత్రం అర్థంతో ముడిపడి ఉంది. ఇంకో ముఖ్యమైన సంగతి, తమ జీవితం అర్థవంతంగా ఉందన్నవాళ్లకి టెన్షన్, దిగులు కూడా ఎక్కువే ఉన్నాయి. పిల్లల్ని పెంచిన ఎవరికైనా ఇది చెప్పక్కర్లేదు. అలాగే ఒయిషి, డీనర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 132 దేశాల గ్యాలప్ సర్వే లెక్కలు చూస్తే జీవితం తృప్తిగా ఉందనేవాళ్లు ధనిక దేశాల్లో ఎక్కువ, జీవితానికి ఒక ముఖ్యమైన అర్థం ఉందనేవాళ్లు పేద దేశాల్లో ఎక్కువ, దానికి మతం పాత్ర చాలా ఉందని వాళ్లు తేల్చారు. పేదరికం గొప్పదని దీనర్థం కాదు, దయచేసి అలా తీసుకోకండి. మీరు ట్రిప్‌ల కోసం పెట్టిన డబ్బు సంతోషం ఖాతాలో పడింది, ఖాళీగా ఉన్నది రెండో ఖాతా, అందుకే తిరిగొచ్చిన సోమవారం మళ్లీ అదే ప్రశ్న.

మీరు చదివానన్న పుస్తకాల్లో విక్టర్ ఫ్రాంక్ల్ అనే వియన్నా సైకియాట్రిస్ట్ పేరు రాశారు. ఆయన నాజీ క్యాంపుల్లో 1942 నుంచి 1945 దాకా ఉండి, తల్లినీ తండ్రినీ సోదరుణ్ణీ భార్యనీ పోగొట్టుకుని కూడా నిలబడ్డాడని అందరూ చెప్తారు, అది నిజం. కానీ నేను మీకు గుర్తుచేసేది అంతకుముందు సంగతి. క్యాంపుకి చాలా ముందే, 1920ల చివర్లో, ఆయన ఇంకా కుర్రాడుగా ఉన్నప్పుడే వియన్నాలో స్కూలు పిల్లల కోసం ఉచిత కౌన్సెలింగ్ సెంటర్లు పెట్టించాడు, మార్కుల కార్డులిచ్చే సీజన్‌లో పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్నారని ప్రత్యేకంగా ఆ రోజుల కోసం ఏర్పాట్లు చేశాడు. ఇంటర్ రిజల్ట్స్ అంటే భయపడే మన రాష్ట్రాల వాళ్లకి ఇది వేరే దేశం కథలా అనిపించదు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాలప్పుడు ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. ఒక పిల్లాడు "నేను ఉండటానికి కారణం నా మార్కులు" అని నమ్మితే మార్కులు పోయిన రోజు ఏం మిగులుతుంది? ఫ్రాంక్ల్ చెప్పిన దాని సారం, జీవితాన్ని నువ్వు ప్రశ్న అడగడం కాదు, జీవితమే నిన్ను రోజూ అడుగుతోంది, నువ్వు చేసే పనితో జవాబు చెప్పాలి అని. మీరు ఏడాదిగా ప్రశ్న అడిగే వైపే నిలబడి ఉన్నారు.

మరి చెయ్యాల్సింది ఏంటి. మీరు ఒక పని ఒప్పుకోండి, చిన్నది, ప్రతి వారం ఒకే రోజు ఒకే టైమ్‌కి జరిగేది, మీరు రాకపోతే ఒక మనిషి గుమ్మం వైపు చూసేది. ఈ మూడూ ఉండాలి. ఫోన్‌లో విరాళం పంపడం మంచి పనే కానీ మీ ఖాళీకి అది సరిపోదు, అక్కడ మీ కోసం ఎవరూ చూడరు. దగ్గర్లో ప్రభుత్వ హైస్కూల్లో టెన్త్ పిల్లలకి శనివారం లెక్కలు చెప్పడం, చూపులేని విద్యార్థికి పాఠాలు చదివి రికార్డ్ చేసి పెట్టడం, తలసీమియా పిల్లలకి కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కించాలి కాబట్టి ఒక పిల్ల కోసం దాతల్ని సమకూర్చే గ్రూప్‌లో బాధ్యత తీసుకోవడం, గుడిలోనో మసీదులోనో చర్చిలోనో వంటకి చెయ్యి వెయ్యడం, ఏదైనా. ఖమ్మం వనజీవి రామయ్య గారి పేరు మీరు వినే ఉంటారు, సైకిల్ మీద మొక్కలు విత్తనాలు వేసుకుని తిరిగి కోటికి పైగా మొక్కలు నాటారని పేరు, 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన పేరు చెప్తే అందరూ కోటి గురించి మాట్లాడతారు, నాకు మాత్రం ఆయన ప్రతి వానాకాలం మళ్లీ అదే పని చేశారనేది పెద్దదిగా కనిపిస్తుంది. కోటి అనుకుంటే మనం మొదలే పెట్టం.

రెండు జాగ్రత్తలు. ఒకటి, ఈ ఊపులో ఉద్యోగం మానేసి ఊరెళ్లి వ్యవసాయం చేస్తాననకండి, మట్టి మీద ప్రేమ ఉంటే మంచిదే, కానీ ఖాళీ నుంచి పారిపోవడానికి పొలం కొన్నవాళ్లు ఆ ఖాళీని పొలానికి కూడా తీసుకెళ్లడం, పైన అప్పు చెయ్యడం నేను దగ్గర్నుంచి చూశాను. ముందు శనివారం పని ఆరు నెలలు నిలబెట్టి చూడండి. రెండు, మొదటి నెల ఏమీ అనిపించదు. విసుగ్గా కూడా ఉంటుంది, పిల్లలు వినరు, హెడ్మాస్టర్ తాళం తియ్యడం మర్చిపోతాడు. అప్పుడు "ఇది కూడా పనిచెయ్యలేదు" అని మీ లిస్టులో కొట్టేస్తారు, అక్కడే ఆగకండి. అర్థం ఒక అనుభవంలా ఒకరోజు వచ్చి తట్టదు, అలవాటులోంచి ఊరుతుంది, లారా కింగ్ అనే సైకాలజిస్ట్ వాళ్ల టీమ్ చేసిన పరిశోధనల్లో కూడా రోజువారీ అలవాట్లు సక్రమంగా ఉన్నవాళ్లకి జీవితం అర్థవంతంగా అనిపించడం కనిపించింది, పెద్ద పెద్ద లక్ష్యాల గురించి కాదు, మామూలు దినచర్య గురించే.

ప్రవచనాల గురించి అడిగారు. నేను నమ్మకం ఉన్నవాళ్లని ఎప్పుడూ వెనక్కి లాగను, నా దగ్గరికొచ్చే చాలామందిని నిలబెట్టింది దేవుడే. కానీ ఒంటరిగా ఇయర్‌ఫోన్స్‌లో వినడం వేరు, ధనుర్మాసంలో తెల్లారుజామున పదిమందితో కలిసి తిరుప్పావై చదవడం వేరు. రెండోదాంట్లో మీరు రాకపోతే "ఏరీ, ఇవాళ రాలేదే" అంటారు.

ఇక నాన్నగారు. "రెస్ట్ తీసుకో నాన్నా, ఇన్నాళ్లూ కష్టపడ్డావ్" అనే మాట ఇంట్లో ఆపేయండి, ప్రేమతో అంటారు, ఆయనకి అది "నీతో పని లేదు" అని వినిపిస్తుంది. జపాన్‌లో ఓసాకి ప్రాంతంలో 43 వేల మందిని ఏడేళ్లు గమనిస్తే బతకడానికి ఒక కారణం ఉందన్నవాళ్లకన్నా లేదన్నవాళ్లలో మరణాలు ఎక్కువ కనిపించాయి, జబ్బుగా ఉన్నవాళ్లకి ముందే అలా అనిపించి ఉండొచ్చు కాబట్టి ఇదే కారణం అని గట్టిగా చెప్పలేం, కానీ తేలిగ్గా తీసుకునే సంగతి మాత్రం కాదు. మనవల్ని స్కూల్ బస్ ఎక్కించడం ఆయనకి చాలదు, అది ఎవరైనా చేస్తారు. ఆయనకి మాత్రమే వచ్చిన పని అడగండి. మీ అపార్ట్‌మెంట్‌లో ప్యానెల్ బోర్డు, ఎర్తింగ్, జనరేటర్ చేంజోవర్, లిఫ్ట్ లైన్, ఇవన్నీ ఏ స్థితిలో ఉన్నాయో అసోసియేషన్‌లో ఎవరికీ తెలియదు, వానాకాలం ముందు చూసిపెట్టమని ప్రెసిడెంట్ వచ్చి అడగాలి, మీరు కాదు. ఆయన స్తంభాలెక్కాల్సిన పని లేదు, ఎలక్ట్రీషియన్ కుర్రాడు ఎక్కుతాడు, ఈయన కింద నిలబడి చెప్తారు, ఆ కుర్రాడికి పని వస్తుంది. అడిగాక ఆయన చెప్పింది నిజంగా చెయ్యాలి, ఎర్తింగ్ మార్చాలంటే మార్చాలి. ఊరికే సంతోషపెట్టడానికి అడిగారని పసిగడితే ఇంకోసారి నోరు విప్పరు, ముప్పై ఏళ్లు కరెంటుతో పనిచేసినవాళ్లు అబద్ధం త్వరగా పట్టేస్తారు.

ఒక ఆదివారం మీరు ఆయన పక్కన కూర్చుని, సలహా కోసం కాకుండా, తుపాను రోజుల్లో లైన్ ఎలా నిలబెట్టేవారో మొదట్నుంచి చెప్పమనండి. మొదటిరోజు రెండు మాటలే చెప్తారు, పర్లేదు, తర్వాతి ఆదివారం మళ్లీ అడగండి. మీ పెద్దబ్బాయిని కూడా కూర్చోబెట్టండి. మీరు ఏ శనివారం పని ఎంచుకున్నారో, ఆయన ఒప్పుకున్నారో లేదో, ఒక నెల తర్వాత ఇక్కడే రాయండి, ఒప్పుకోకపోతే ఆయన ఏ మాటలతో వద్దన్నారో ఆ మాటలే రాయండి, దాన్ని బట్టి తర్వాత ఏం చెయ్యాలో చెప్తాను.